ముక్కు సందులో పొద్దు

2014 సంక్రాంతికి గుంటూరు వెళ్లినప్పుడు, ఇంట్లో అరిసెల హడావుడి పడలేక కెమెరా భుజాన వేసుకుని ఉప్పలపాడు పోయాను. ఊరిని ఆనుకునే చెరువు. నీళ్లలో మట్టిదిబ్బలు, వాటి మీద సర్కారు తుమ్మ, చెట్లు చాలక పక్షుల కోసం పాతిన ఇనుప స్టాండ్లు. చెరువు కంటపడక ముందే వాసన తగులుతుంది. చేపల నీచు, రెట్ట. ఐదు నిమిషాలు ఓర్చుకుంటే ముక్కు అలవాటు పడిపోతుంది.

పొద్దు వాలే వేళకు మేతకెళ్లిన పక్షులన్నీ గూళ్లకు మళ్లుతాయి. ఎర్రటి ఆకాశం ముందు నల్లటి కొంగలు. పత్రికల్లో చూసి మోజుపడిన బొమ్మ అదే. తీరా ఇంటికొచ్చి చూసుకుంటే ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది, కొంగలు బూడిదరంగులో ఉన్నాయి. వెలుతురు కొలత పక్షి మీద పెట్టాను మరి. చీకట్లో ఉన్నదాన్ని వెలిగించాలని కెమెరా తన పని తాను చేసింది, ఆకాశం కాలిపోయింది.

రెండో రోజు సూర్యుడికి పక్కనున్న ఆకాశం మీద కొలిచి, వెలుతురు ఇంకో స్టాప్ (ఒక మెట్టు) తగ్గించాను. సూర్యుణ్ణి మాత్రం వ్యూఫైండర్‌లోంచి నేరుగా చూడలేదు. పొడుగు లెన్స్‌లో అది కంటికే ఎసరు. రంగులు కుదిరాయి. ఇప్పుడు ఇంకో చిక్కు. నాలుగు కొంగలు ఒకదాని వెనక ఒకటి వస్తే ఫొటోలో ఎనిమిది రెక్కల నల్లముద్ద. రెక్క సగంలో ఉండగా నొక్కితే పక్షి కాస్తా గీత అయిపోతుంది, పూర్తిగా పైకెత్తినప్పుడో కిందికి దించినప్పుడో నొక్కాలి. వందకు పైగా తీశాను. చూడదగ్గవి మూడు.

అప్పుడే గట్టు మీదికి ఒక పెద్దాయన వచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో కర్ర.

"అబ్బాయ్, ఇటేమన్నా గేదె వచ్చిందా?"

"చూళ్లేదు పెద్దాయనా."

ఆయన వెళ్లిపోలేదు. పక్కనే గొంతుకూర్చుని, వచ్చే ప్రతి నీడకూ పేరు చెప్పడం మొదలుపెట్టాడు. మెడ బారుగా చాచుకుని వచ్చేవి కొంగలు, కంకణాలు. కంకణం ముక్కు కొడవలి. మెడ ముడుచుకుని పడవలా తేలుతూ వచ్చేది గూడబాతు. ముడుచుకునే ఉండి, కాళ్లు వెనక్కి పొడుగ్గా వేలాడితే నారాయణ పక్షి. హడావుడిగా రెక్కలు కొట్టుకుంటూ పోయేది నీటికాకి. నేను రంగుల పుస్తకం ముందేసుకుని రెండేళ్లు కుస్తీ పట్టిన చదువు ఇది.

"అదిగో, ఆ కమ్మీ మీద నత్తగుల్ల కొంగలు. పెద్దదాని ముక్కులో సందు చూడు."

ఆ కొంగను పట్టపగలు ఎన్నిసార్లు చూశానో. ముక్కు రెండు చివర్లూ కలుస్తాయి, నడుమ కలవవు. ఆ సంగతి చదివాను కూడా. నత్తగుల్లను పగలగొట్టడానికే ఆ సందు అని చాలామంది అనుకుంటారు గానీ, అది గుల్లను పగలగొట్టదు. కింది ముక్కు మొన లోపలికి దూర్చి, కండ కోసి లాగేస్తుంది. ఇంత తెలిసీ ఆ సందును నేను సరిగ్గా చూసింది లేదు. ఇప్పుడు ఒళ్లంతా నల్లబడ్డాక, అందులోంచి ఆకాశం సన్నటి నారింజ తునకలా మెరిసింది.

"పక్కది పిల్ల. దానికింకా సందు రాలేదు," అన్నాడాయన.

నిజమే. పిల్ల ముక్కు చివరిదాకా మూసుకునే ఉంది. ఎదిగేకొద్దీ విచ్చుకుంటుందట. రెండూ పక్కకు తిరిగి, ఒకదాని మీద ఒకటి పడకుండా నిలబడ్డాయి. ఊపిరి బిగబట్టి నాలుగు నొక్కాను. ఐదోదానికి పిల్ల ఎగిరిపోయింది.

కెమెరా వెనక తెర మీద చూపించాను. ఆయన కళ్లు చికిలించి, దగ్గరికి జరుపుకుని, కొంగల్ని వదిలేసి ఫొటో కింది మూలను వేలితో తాకాడు. అవతలి గట్టు మీద, మసగ్గా, రెండు వంపు కొమ్ములు.

"ఇది మాదే," అని లేచి, కర్ర ఊపుకుంటూ గట్టు వెంట అటే గబగబా నడిచాడు.