ముందు చెలమ, తర్వాత గుడిసె

అమెరికా వెళ్లిన నా ఫ్రెండ్స్ దిగగానే సిమ్ కార్డు కొన్నారు. పినపాక అడవిలో ఓ గుత్తికోయ పెద్దాయన్ని అదే అడిగా. "తాతా, ఇక్కడికొచ్చాక ముందు ఏం చేశారు?"

వాగు చూపించాడు. ఇసుకలో చెలమ తవ్వి, నీళ్లు ఊరాకే గుడిసె వేశారట. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ప్రాణభయంతో ఇటొచ్చిన వేల మందిలో వీళ్లూ ఉన్నారు. తర్వాత మిర్చి ఏరే కూలి. ఇక్కడి కోయలతో మాట కలిసింది. తెలుగు మాత్రం సంతలో బేరాలాడుతూ నేర్చుకున్నారు.

ఆధార్ వచ్చింది. మనవరాలి కాలేజీకి కులం సర్టిఫికెట్టే రాలేదు. అక్కడ ఎస్టీలే, రాష్ట్రం మారితే ఆ లెక్క చెల్లదు. పాత ఊరి కాగితాలు తెమ్మన్నారట.

"ఊరే కాలిపోయింది బిడ్డా" అన్నాడు.

ఆ పిల్ల చెలమ దగ్గర బిందె నింపుతోంది.