ముడుమాల రాళ్ళకు ఫోటో

పిల్లలూ! మక్తల్ వెళ్ళినవారు పడమటి ఆంజనేయస్వామిని దర్శించుకుని తిరిగి వచ్చేస్తారు. మీరు అక్కడితో ఆగకండి. దక్షిణంగా కృష్ణానది వైపు వెళితే ముడుమాల అనే ఊరు వస్తుంది. అక్కడ పన్నెండు, పద్నాలుగు అడుగుల రాళ్ళు బారులు తీరి నిలబడి ఉన్నాయి. ఊరివారు వాటిని నిలువురాళ్ళంటారు. పరిశోధకులు వాటి వయస్సు 3,500 ఏళ్ళకు పైమాటేనంటున్నారు. ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో 2025లో వాటికి చోటు దొరికింది.

అక్కడే ఒక రాతిమీద చిన్న చిన్న గుంటలు తొలిచి ఉన్నాయి. వరుస చూస్తే సప్తర్షి మండలమే! ఫోటో తీయాలనిపిస్తుంది కదూ? కాని మిట్టమధ్యాహ్నం తీస్తే గుంటలు కనబడవు, రాయి మాత్రమే కనబడుతుంది. ఎండ నెత్తిమీద ఉంటే గుంటలో నీడ పడదు గనక. కొందరు ఇటువంటి గుంటలకు సుద్ద పూసి ఫోటో తీస్తారు. ఆ పని ఎన్నడూ చేయకండి. అరిగిపోతే ఆ గుంటలను మళ్ళీ తొలిచేవారు లేరు.

తెల్లవారగానే వెళ్ళండి. ఏటవాలు ఎండకు ప్రతి గుంటలోనూ నీడ నిలుస్తుంది. అయితే అప్పుడు వెలుగు తక్కువ. ఏం చేయాలి?

కెమేరాలో వెలుగును సవరించే చోట్లు మూడు: లెన్సులోని రంధ్రం వెడల్పు, షట్టరు తెరిచి ఉండే కాలం, ఐ.ఎస్.ఓ. అనే అంకె. పడిన వెలుగును కెమేరా ఎంత పెంచి చూపాలో ఈ అంకె చెబుతుంది. 100ను 200 చేస్తే బొమ్మ రెండింతలు వెలుగుతుంది. పూర్వం ఇది ఫిల్మును బట్టి ఉండేది, రీలు మారిస్తే గాని మారేది కాదు. డిజిటల్ కెమేరాలో ఫోటో ఫోటోకూ మార్చవచ్చు.

మధ్యాహ్నం ఐ.ఎస్.ఓ. 100, షట్టరు సెకనులో 500వ వంతు సరిపోయిందనుకోండి. ఉదయం వెలుగు అందులో పదహారోవంతే ఉన్నది. రంధ్రాన్ని కదపకుండా ఐ.ఎస్.ఓ.ను 1600 చేయవచ్చు. కాని అంకె పెరిగితే బొమ్మమీద ఇసుక చల్లినట్టు చుక్కలు లేస్తాయి, ఆ చుక్కలలో చిన్న గుంటలు కలిసిపోతాయి. అందుచేత ఐ.ఎస్.ఓ.ను 100 దగ్గరే ఉంచి, షట్టరును 30వ వంతుకు తగ్గించండి. వేల ఏళ్ళుగా కదలని రాయి అంతలో కదలదు లెండి! కదిలేది మన చెయ్యి. కెమేరాను మూడుకాళ్ళ స్టాండుమీద పెట్టండి.

నిలువురాయిని ఆకాశానికి ఎదురుగా తీస్తే మరో చిక్కు. ఆకాశపు వెలుగు చూసి కెమేరా మోసపోతుంది, రాయి మసిబొగ్గు అవుతుంది. ప్లస్, మైనస్ గుర్తులున్న మీటను ప్లస్ 1కి తిప్పండి. ఆకాశం కొంచెం వెలవెలబోయినా, రాయి గరుకుతనం కనబడుతుంది.

వేసవి సెలవుల్లో వెళితే మాత్రం చీకటిపడేదాకా ఉండండి, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని. ఉత్తరాన సప్తర్షులు పైకి వచ్చి ఉంటారు. అప్పుడు ఐ.ఎస్.ఓ. 1600 పెట్టి, రంధ్రం పూర్తిగా తెరిచి, పదిహేను సెకన్లు తీయండి. తరువాత ఉదయం తీసిన రాతిబొమ్మను దాని పక్కన పెట్టి, గుంటలను నక్షత్రాలతో సరిచూసుకోండి.