మధ్యమానేటిపై నొకనాటి పడవ ప్రయాణము

మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమలకు సముద్రము లేదు. మగవారు బ్రతుకుదెరువునకై గల్ఫు దేశములకు బోవునప్పుడే సముద్రమన్న మాట మా యిండ్లలో వినబడును. అట్టి మాకు, ఆవలి గట్టు సన్నని గీతవలె దోచునంత నీటిపై బడవలో విహరించు భాగ్యము మార్గశిరమాసమున దత్తజయంతినాడు లభించినది.

వేకువనే కోరుట్ల విడిచి, జగిత్యాల మీదుగా వేములవాడ జేరి, రాజరాజేశ్వరస్వామిని సేవించుకొని, మధ్యమానేరు జలాశయపు టొడ్డునకు వచ్చితిమి. సిరిసిల్ల చెంత బాఱు మానేరును, వేములవాడ చెంత బాఱు మూలవాగును నిందు గలియుచున్నవి. మాన్వాడకడ గట్టిన యానకట్టకు 25 తలుపులు. నిండిననాడు 25 టీఎంసీలకు పైగా నీరు నిలుచును. శ్రీరామసాగరపు వరదకాలువయు దీనిని నింపును. 2019లో గోదావరినుండి యెత్తిపోసిన నీరును నిచ్చటికి వచ్చినది.

వరదవెల్లి గుట్టపై దత్తాత్రేయస్వామి వెలసియున్నాడు. పూర్వము భక్తులు నడచియే గుట్ట యెక్కెడివారు. ఇప్పుడు నలుదెసల నీరు క్రమ్ముటచే గుడి ద్వీపమైనది. పడవ లేక దర్శనము లేదు.

పిల్లలకును, మాకును లైఫ్ జాకెట్లు తొడిగించిన పిదప మరపడవ కదలినది. నీటికాకులు మునుగుచు దేలుచుండెను. జాలరులు తెప్పలపై వలలు దీయుచుండిరి. నడుమ నడుమ నెండిన చెట్ల తలలు నీటిపైకి జొచ్చుకొని వచ్చియుండుట జూచి పిల్లలు వింతపడిరి. మా ప్రక్కను గూర్చున్న యొక ముసలమ్మ మాత్రము వానిని గుర్తుపట్టుచున్నట్లు చూచుచుండెను.

"గీ నీళ్ల కిందనే మా వాకిలున్నది, బిడ్డా! గా చింతచెట్టుకాడ బతుకమ్మ ఆడుతుంటిమి. కాలనీల ఇల్లు కట్టుకుంటిమి గని, ఇరుగుపొరుగోళ్లు తలో దిక్కయిరి" అని యామె పలికినది. కొదురుపాక, చింతలఠాణా, అనుపురము, రుద్రవరము, సంకెపల్లి మున్నగు నూళ్లు ముంపునకు బాల్పడినవి. ఆమె కొంగుముడి విప్పి, చిటికెడు పసుపు, చిటికెడు కుంకుమ నీటిలో విడిచి చేతులు జోడించెను. మేమును జోడించితిమి. కొంతసేపు పడవలో నెవ్వరును మాటలాడలేదు.

గుట్ట చాటున గాలి తగులని మూలకు బడవను జేర్చి, మర నాపి, త్రాడు రాతికి గట్టిరి. దర్శనానంతర మొడ్డున గూర్చుండి పులిహోరయు, పెరుగన్నమును భుజించితిమి. ఎండకు గాగిన నీరు మోకాళ్లకు నులివెచ్చగా దగులుచుండ బిల్లలు లేవనేరైరి. మార్గశిరపు జలిలో నట్టి వెచ్చదన మెంత హాయి!

ఈ నీటిచే నెన్నియో చేలు పండును. ఆ పంటలో నిండ్లు విడిచిన యాడువారి పాలు గూడ గలదని మాకు నాడు తెలిసినది. సోదరీమణులారా! మీరును బోవుదురేని మధ్యాహ్నమునకు మున్నే పడవ యెక్కుడు. పిల్లలను నడుమ గూర్చుండబెట్టుకొనుడు. స్వామికి గొనిపోవు పసుపుకుంకుమలలో జిటికెడు మునిగిన వాకిళ్లకై దాచియుంచుడు.