నేలపట్టుకి వెళ్తున్నారా? పిల్లల చేతికి ఏ బైనాక్యులర్ ఇస్తున్నారు?

చెన్నై నుంచి నెల్లూరు వెళ్లే హైవేలో సూళ్లూరుపేట దాటాక, దొరవారిసత్రం దగ్గర కాస్త లోపలికి తిరిగితే నేలపట్టు. చలికాలంలో ఆ చెరువు కట్ట ఎక్కితే ముందు పక్షుల గోల వినిపిస్తుంది, తర్వాత రెట్టల వాసన తగులుతుంది. నీళ్లలో నిలబడ్డ చెట్లు, కొమ్మకొమ్మకీ గూళ్లు. గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు. కట్ట మీద మన పిల్లలు, వాళ్ల మెడల్లో నాన్నల బైనాక్యులర్లు.

ఆ పిల్లల్ని కాసేపు గమనించండి. "కనిపించిందా?" అని పెద్దవాళ్లు అడుగుతారు. "ఆ, కనిపించింది" అనేసి రెండు సెకన్లలో తిరిగిచ్చేస్తారు. చాలాసార్లు వాళ్లకి కనిపించింది నల్లటి మసక, లేదంటే ఊగిపోతున్న ఆకులు. ఆ మాట బయటికి చెప్పరు. అందరికీ కనిపిస్తున్నది తనకే కనిపించట్లేదంటే లోపం తనలోనే ఉందనుకుంటారు. ఇలా రెండు మూడు సార్లయితే, ఇంకోసారి పిట్టల్ని చూడ్డానికి రమ్మంటే ఫోన్ పట్టుకుని కారులోనే కూర్చుంటారు. అందుకే నేను "కనిపించిందా" అని అడగను. "దాని కన్ను ఏ రంగు?" అంటాను. నేలపట్టులో నైట్ హెరాన్ అనే కొంగ ఉంటుంది. పెద్దదాని కన్ను ఎర్రగా ఉంటుంది. "అయ్యో, రక్తంలా ఉందే!" అన్నారంటే నిజంగా చూసినట్టే.

మరి ఏది కొనాలి? బైనాక్యులర్ మీద 8×42 అనో 10×50 అనో రాసి ఉంటుంది. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. ఫోన్ కెమెరాలకి అలవాటుపడ్డ మనకి జూమ్ ఎంత ఎక్కువైతే అంత గొప్ప. పిల్లల విషయంలో మాత్రం లెక్క తిరగబడుతుంది. 10 రెట్లు పెద్దగా చూపించేది చేతి వణుకుని కూడా 10 రెట్లు చేస్తుంది. పైగా కనిపించే మేర చిన్నదైపోతుంది, పిట్ట ఏ కొమ్మ మీదుందో వెతుక్కునేలోపు ఎగిరిపోతుంది. పదేళ్ల లోపు వాళ్లకి 6×30 హాయి. కాస్త పెద్దవాళ్లకి 8×30 లేదా 8×32. అంతకు మించి వద్దు.

రెండో అంకెని మొదటిదానితో భాగించండి. 6×30కి 5 మి.మీ. వస్తుంది. బైనాక్యులర్‌ని చేయి చాపి వెలుతురు వైపు పట్టుకుంటే, కన్ను పెట్టే అద్దంలో గుండ్రటి వెలుగు చుక్క కనిపిస్తుంది. దాని సైజు అదే. చుక్క పెద్దదైతే కన్ను కొంచెం అటూఇటూ జరిగినా బొమ్మ పోదు. జేబులో పట్టే 10×25లో అది రెండున్నర మి.మీ. మాత్రమే. నిలకడగా నిలబడని పిల్లకి ఆ నల్లటి మసక వచ్చేది అందుకే.

అసలు చిక్కు ఇంకోటుంది, షాపులో దాని ఊసే ఎత్తరు. బైనాక్యులర్‌ని మధ్యకి పూర్తిగా మడవండి. రెండు కంటి అద్దాల మధ్యబిందువులకి ఎంత దూరముందో స్కేలుతో కొలవండి. పెద్దవాళ్ల కోసం చేసినవి చాలావరకు 55 మి.మీ. దగ్గర ఆగిపోతాయి. ఏడెనిమిదేళ్ల పిల్లల కళ్లు అంతకంటే దగ్గరగా ఉండొచ్చు. అప్పుడు ఒక కన్ను చూస్తుంది, రెండోదానికి చీకటి. పిల్లల్ని దూరంగా చూడమని, స్కేలు కళ్ల కింద పెట్టి కంటిపాపల మధ్య దూరం కొలుచుకుని షాపుకి వెళ్లండి. వీలైతే పిల్లల్నే తీసుకెళ్లండి. "ఒక గుండ్రమా, రెండు గుండ్రాలా?" అని అడిగితే చాలు. కళ్లద్దాలున్న పిల్లలైతే కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని కిందికి దించి చూపించండి.

తూకం కూడా చూసుకోవాలి. 10×50 కిలోకి దగ్గరగా ఉంటుంది, మెడకి రాయి కట్టినట్టే. అరకిలోలో దొరికేవి చూడండి. రెండు మీటర్ల దూరంలో ఉన్నదానికీ ఫోకస్ కుదిరితే కట్ట మీది సీతాకోకచిలుకలూ మీవే.

తిరునాళ్లలో, రోడ్డు పక్కన 30×60 అని రాసి అమ్మే చిన్న బైనాక్యులర్లు కొనకండి. నిజంగా 60 మి.మీ. అద్దాలు రెండుంటే ఆ వస్తువు అరచేతిలో పట్టనే పట్టదు. ఎర్రగా మెరిసే అద్దాలూ వద్దు. అవి ఎర్ర వెలుగుని వెనక్కి తిప్పికొడతాయి, గూడబాతు కాస్తా పచ్చగా పాలిపోతుంది. అయిదేళ్ల లోపు వాళ్లకైతే అసలు ఏదీ కొనకండి. నేలపట్టులో వట్టి కళ్లకే బోలెడు కనిపిస్తుంది. ప్లాస్టిక్ అద్దాల బొమ్మ కంటే అట్టగొట్టాలు రెండు అతికించి ఇస్తే నయం, కనీసం మసక ఉండదు.

వాడటం కూడా కొంచెం నేర్పాలి. ముందు వట్టి కళ్లతో పిట్టని చూడాలి. చూపు దానిమీదే ఉంచి, తల కదపకుండా, బైనాక్యులర్‌ని కళ్ల దగ్గరికి తేవాలి. ఇంటి డాబా మీద కాకులతో రెండు రోజులు ఆడిస్తే వచ్చేస్తుంది. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పకూడదు. చూపు పోతుంది. ఇది మొదటి రోజే గట్టిగా చెప్పాలి.

నేలపట్టు నుంచి చాలామంది పులికాట్‌కి వెళ్తారు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. ఫ్లెమింగోలు ఒక్కోసారి దగ్గర్లోనే ఉంటాయి, ఒక్కోసారి దూరాన గులాబీ గీతలా కనిపిస్తాయి. "పెద్దది కొనుంటే బాగుండేది" అని అక్కడ అనిపిస్తుంది. అనిపించనివ్వండి. ఎండ పెరిగాక నీళ్ల మీద గాలి అలల్లా ఆడుతుంటే ఎంత జూమున్నా కనిపించేది వణికే గులాబీ రంగే. పొద్దున్నే వెళ్లి, కారు ఆపి, పిల్లల మోచేతులు కిటికీ మీద ఆనించమనండి. ఆ 6×30లోనే ఫ్లెమింగో తల కిందులుగా పెట్టి నీళ్లు జల్లెడ పట్టడం కనిపిస్తుంది.

అక్కడి గాలిలో ఉప్పుంటుంది. అద్దాల మీద చేరిన పొడిని చొక్కా అంచుతో రుద్దనివ్వకండి, గీతలు పడతాయి. ముందు ఊదాలి, తర్వాత మెత్తటి బట్ట.