జింటీ రొద

ఇంగ్లండులో అప్పట్లో ఓ మోస్తరు ఊరైతే చాలు, బజారులో బొమ్మరైళ్ల దుకాణం ఒకటి ఉండేది. అద్దాల వెనక రంగురంగుల పెట్టెలు, లోపల పొడుగాటి బల్ల, దాని వెనక గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. ఒకదాంట్లో కార్బన్లు, ఒకదాంట్లో స్ప్రింగులు, మరోదాంట్లో పప్పుగింజంత వాషర్లు. ఇంజను బాగులేదని తీసుకెళితే దుకాణాయన దాన్ని తిప్పి చూసేవాడు కాదు. చక్రాలకు రెండు తీగలు ఆనించి, తల పక్కకి వంచి వినేవాడు. రోగం పేరు ఆ తర్వాత చెప్పేవాడు.

1970లలో ఆసుపత్రి ఉద్యోగం మీద మేం అక్కడికి చేరేసరికి అసలు స్టీము ఇంజన్లు పోయాయి. బ్రిటిష్ రైల్వేస్ 1968 ఆగస్టులో వాటిని మామూలు సర్వీసుల నుంచి తప్పించేసింది. మిగిలినవి చాలామటుకు ఇళ్లలో, ప్లైవుడ్ బల్లల మీద తిరిగేవే. మా అబ్బాయికి పాతసామాన్ల సంతలో కొన్నది అలాంటిదే: ట్రయాంగ్ వాళ్ల జింటీ. బోగీలు అటూ ఇటూ సర్దే ఆరు చక్రాల నల్ల ట్యాంకు ఇంజనుకు నమూనా. పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు, కరెంటు 12 వోల్టుల డీసీ. కెంట్ తీరాన మార్గేట్ ఫ్యాక్టరీలో తయారైంది. హార్న్‌బీ పేరున్న లివర్‌పూల్ కంపెనీ మెకానోని 1964లో ట్రయాంగ్ యజమానులు లైన్స్ బ్రదర్స్ కొనేశారు. చివరికి హార్న్‌బీ పేరే నిలిచింది, ట్రయాంగ్ పేరు పెట్టెల మీంచి జారిపోయింది.

ఆ జింటీ కడుపులో ఉండేది ఎక్స్‌04 మోటారు. దానికి మూత లేదు, డబ్బా లేదు. ఒక చివర అయస్కాంతం దిమ్మ, నడుమ మూడు తీగచుట్టల ఆర్మేచర్, దాన్ని అంటిపెట్టుకుని కమ్యుటేటర్, దానికి రెండు వైపులా కార్బన్లు. ఆ రెండు కార్బన్లనూ అదిమి పట్టేది హెయిర్‌పిన్నులా వంచిన ఒకే ఒక్క తీగ. ఆ తీగకు ఒక కాలికి మాత్రం సన్నటి తొడుగు ఉంటుంది. అది ఊడిపోతే రెండు వైపులా కరెంటు కలిసిపోయి షార్టే. మా దానికి అది ఎప్పుడో పోయింది. పాత కరెంటు వైరు పైపొర గీకి, రాగి లాగేసి, ఆ గొట్టాన్ని గోరంత కోసి ఎక్కించింది మా నాన్నగారు.

ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. చక్రాన్ని సుత్తితో కొట్టి, మోత విని పగులు పట్టే మనుషుల మధ్య బతికిన మనిషి. మా దగ్గరికి వచ్చిన ఏడాది చలికి బయటికి కదల్లేక ఆ బొమ్మ ముందు కూర్చునేవారు. ఇంజను మిక్సీలా గోల పెడుతోందని నేను నూనె చుక్క వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

“ఆగరా. గోల మోటారుదా, పళ్లదా? ముందది తేల్చు.”

మోటారును పట్టి ఉంచే మరలు విప్పి, బయటికి తీసి, ఒంటరిగా తిప్పారు. సన్నటి రొద తప్ప ఇంకేం లేదు. అంటే ఆ గరగర వార్మ్ గేరుదీ, ఇరుసు మీది పళ్లచక్రానిదీను. వాటి మధ్య పాత గ్రీజు గట్టిపడి బంకలా ఉంది. అందులో తివాచీ నూగు, ఎవరిదో పొడుగాటి వెంట్రుక. బొమ్మరైలు ఇంజన్లకు సగం రోగాలు నేల మీద తిరగడం వల్లే వస్తాయని నా నమ్మకం.

శుభ్రం చేశాక ముందుకు హాయిగా పోయింది. వెనక్కి నడిపితే మాత్రం టకటక. నాన్నగారు నవ్వి, “ఇరుసు ఆడుతోంది” అన్నారు. వార్మ్ గేరు తిరిగే దిక్కు మారితే అది ఆర్మేచర్ ఇరుసును రెండో వైపుకి తోస్తుంది. అటువైపు సందు ఎక్కువుంటే ఇరుసు కొట్టుకుంటుంది. ఒక వాషరుతో సరి. కీచుమంటే బేరింగు ఎండిందని. దానికి ఆనించిన ఫెల్టు ముక్క తడిసేలా ఒక్క చుక్క చాలు. ఎక్కువైతే నూనె కమ్యుటేటర్ మీదికి పాకి, కార్బన్ పొడితో కలిసి, గళ్ల మధ్య సందుల్ని నల్లగా పూడ్చేస్తుంది. అప్పుడు చిటపటలు, నీలం నిప్పురవ్వలు. పక్కగదిలో టీవీ బొమ్మ మీద చుక్కలు పడేవి. మా ఆవిడ వంటింట్లోంచే “రైలాపండి!” అనేది. పంటిపుల్లకి స్పిరిట్ అద్ది ఆ సందులు గీకితే మళ్లీ కొన్నాళ్లు నెమ్మది.

ఒక్క పని మాత్రం చెయ్యకూడదు: ఆర్మేచర్‌ని ఊరికే బయటికి లాగడం. అయస్కాంతానికి అడ్డంగా ఇనప ముక్క పెట్టకుండా లాగితే దాని బలం తగ్గుతుంది. బలం తగ్గిన మోటారు మరింత వేగంగా తిరుగుతుంది, మరింత కరెంటు తింటుంది, చెయ్యి కాల్చేంత వేడెక్కుతుంది. అలాంటి వాటికి మళ్లీ బలం ఎక్కించే యంత్రం కొన్ని దుకాణాల్లో ఉండేది.

ఆ దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1990ల చివరికి హార్న్‌బీ తయారీ చైనాకి తరలిపోయింది. పనితనంలో కొత్త ఇంజన్లను వేలెత్తి చూపలేం. కిటికీ రివిట్లు కూడా లెక్కపెట్టొచ్చు. మోటారు మాత్రం సీలు చేసిన డబ్బా. చప్పుడుండదు. చప్పుడు లేదని కాబోలు, ఖరీదైన వాటిలో చిన్న స్పీకరు పెట్టి అసలు ఇంజను ఛుక్‌ఛుక్‌ని రికార్డు చేసి వినిపిస్తున్నారు. చెడితే పెట్టెలో పెట్టి వెనక్కి పంపడమే.

ఎక్స్‌04కి కార్బన్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. పాత దిమ్మ బదులు నియోడిమియం అయస్కాంతాలూ అమ్ముతున్నారు. మొన్న ఒకటి తెప్పించి మా జింటీకి వేశాను. పట్టు వచ్చింది, వేడి తగ్గింది. మనవరాలు కాసేపు చూసి, “తాతయ్యా, సౌండ్ ఎక్కడ తగ్గించాలి?” అంది. ఫెల్టు మీద ఒక చుక్క వేసి చూపించాను. ముందుకు బాగానే పోతోంది. వెనక్కి నడిపితే మళ్లీ టకటక మొదలైంది, వాషరు అరిగినట్టుంది.