ఇంజన్లు విప్పే నెలలు

బోటు అడుగున చెక్కల మీద పక్కకు తిరిగి పడుకుని, మెకానిక్ కుడిచెయ్యి ఇంజన్ కిందికి దూర్చాడు. అక్కడ బెత్తెడు సందు కూడా లేదు. కంటికేమీ ఆనదు, అంతా వేళ్ళకే తెలియాలి. నట్టు దొరికింది. స్పానర్‌తో కాస్త వదులు చేసి, మిగతాది చేత్తోనే తిప్పాడు. నల్లటి ఆయిల్ మణికట్టు మీంచి మోచేతి దాకా పాకి, అడుగున నిలిచిన ఉప్పునీళ్ళలో పడింది.

"లారీ అయితే కింద తొట్టి పెడతాం సార్. ఇక్కడ ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు లేవకుండానే.

లారీల సంగతి అతనికి బాగా తెలుసు. హైదరాబాద్‌లో మలక్‌పేట గంజ్‌కి సరుకు తెచ్చే లారీలను బాగుచేసే షెడ్డులో పని నేర్చుకున్నాడు. ఆ షెడ్డు మా ఇంటి వెనకే. ఆ పరిచయంతోనే విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. మన మరబోట్లలో చాలావాటికి ఉన్నవి లారీ ఇంజన్లే, సముద్రానికి తగ్గట్టు మార్చినవి. అందుకే అతని చేతులకు ఇక్కడా పని దొరికింది.

ఆ చేతులు ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. డీజిల్ ఫిల్టర్ మార్చాక పైపుల్లో చిక్కుకున్న గాలి తీయాలి. బొటనవేలితో చిన్న పంపు నొక్కుతూ, రెండో చేత్తో పైపు కీలు వదులు చేసి పట్టుకున్నాడు. మొదట నురగ, తర్వాత బుడగలతో డీజిల్, చివరికి బుడగ లేని సన్నటి ధార. అప్పుడు బిగించాడు. ఒక్క బుడగ మిగిలినా నడిసముద్రంలో ఇంజన్ ఆగిపోవచ్చు, ఏడెనిమిది మంది ప్రాణాల మీదికి రావచ్చు. అంత పొందికగా చేసిన పనిలోంచి కారిన డీజిల్ కూడా అడుగు నీళ్ళలోకే పోయింది. పంకా తిరిగే షాఫ్ట్ చుట్టూ కట్టిన గ్రీజు తాడు ఎంత బిగించినా సముద్రపు నీరు చుక్కచుక్కగా ఊరుతూనే ఉంటుంది. డీజిల్, ఆయిల్, ఉప్పునీరు కలిసి అడుగున మడుగు కట్టాయి. సాయంత్రం కళాసీ కుర్రాడు పంపు వేశాడు. బోటు పక్క నుంచి ఆ మడుగంతా హార్బర్‌లోకి పోయింది. నీటి మీద రంగులు తేలి, పక్క బోటు దాకా పరుచుకున్నాయి. ఎవరూ తలెత్తి చూడలేదు.

నాకు కోపం వచ్చింది, ఆ కుర్రాడి మీద కాదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పిల్లల్ని చేసుకునే కాలమని సముద్రాన్ని వదిలేస్తాం. వేట మానుకున్న కుటుంబానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 నుంచి 20,000 రూపాయల భృతి ఇస్తోంది. మంచి ఏర్పాటే. కానీ బోట్లు ఒడ్డున కట్టేసి ఉండే ఆ రెండు నెలల్లోనే కదా ఇంజన్లు విప్పేది! వందల బోట్ల పాత ఆయిల్, డీజిల్ నీళ్ళలోకి దిగేదీ అప్పుడే. వల పడకుండా కాపాడిన గుడ్డును నూనె నుంచి కాపాడే ఏర్పాటు మాత్రం లేదు.

కవళ్ళు, కనాగంతల వంటి చాలా చేపల గుడ్లు నీటి పైపొరల్లో తేలుతుంటాయి. డీజిల్ తెట్టు కట్టేదీ అక్కడే. డీజిల్ ఎండకు, గాలికి ఒకటి రెండు రోజుల్లో చాలావరకు ఆవిరై, చెదిరిపోతుంది కాబట్టి, ముడిచమురులా ఒడ్డును నల్లగా పూయదు కాబట్టి, దాన్ని తేలిగ్గా తీసుకుంటాం. నిజానికి చిన్న చిన్న జీవులకు తగిలే మొదటి దెబ్బ డీజిల్‌దే గట్టిది. అందులోని కొన్ని పదార్థాలు నీటిలో కరిగి గుడ్డులోకి చేరతాయి. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు ఒలికిన తర్వాత సాగిన పరిశోధనల్లో, అతి కొద్ది చమురుకే చేపపిల్లల గుండె సరిగా ఏర్పడదని తేలింది. అలాంటి పిల్ల చచ్చి తేలదు, ఎవరి కంటా పడదు. పెరిగి వలలోకి రాదు, అంతే. ఇంజన్ ఆయిల్ అయితే ఆవిరి కూడా కాదు. బురదను పట్టుకుని అడుగుకు దిగి, పీతలూ ఆల్చిప్పలూ బతికే చోట నిలిచిపోతుంది.

దీని దెబ్బ ముందు తగిలేది పెద్ద బోట్లకు కాదు, ఒడ్డుకు దగ్గర్లో చిన్న పడవల మీద వలేసే వాళ్ళకు. జట్టీ మెట్ల మీద ఒక ముసలమ్మ గంప దించి మరొకామెతో గొడవపెట్టుకుంటున్నట్టు చెబుతోంది: "నెత్తళ్ళు బాగున్నాయే, ఏటి సేత్తాం? కిరసనాయిలు కంపు కొడతన్నాయని సగం ధరకి అడిగిందే! ఆ కంపు నాను పోసినానా?" ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. చూడటానికి మెరిసే చేప కండలో కూడా నూనె వాసన పట్టేస్తుంది, కడిగితే పోదు.

పెద్ద ప్రమాదం జరిగితే మనం కదులుతాం. 2023 నవంబర్ 19 రాత్రి ఇదే హార్బర్‌లో మంటలు లేచి దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. వాటిలోని డీజిల్, వంట గ్యాస్ సిలిండర్లు మంటల్ని ఎగదోశాయి. బోటు విలువలో 80 శాతం పరిహారంగా ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అది బోట్ల లెక్క. ఇక ఓడల సంగతి. 2025 మే 25న కేరళ తీరంలో ఎంఎస్‌సీ ఎల్సా 3 ఓడ మునిగినప్పుడు, దానిలో 367 టన్నుల ఫర్నేస్ ఆయిల్, 84 టన్నుల డీజిల్ ఉన్నాయని దేశమంతటికీ తెలిసింది. చుట్టూ 20 నాటికల్ మైళ్ళలో వేట వద్దన్నారు. ఓడకు పేరుంటుంది, యజమాని ఉంటాడు, అడగడానికి కోర్టు ఉంటుంది. రోజూ బకెట్ల కొద్దీ పోయే ఆయిల్‌కి ఏదీ లేదు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 400 టన్నులు, ఆపైన ఉన్న ఓడలు అడుగు నీటిని వడకట్టే యంత్రం పెట్టుకోవాలి; వదిలే నీటిలో పది లక్షల వంతుల్లో 15 వంతులకు మించి నూనె ఉండకూడదు. మన మరబోటు ఆ కొలతకు ఆమడ దూరం.

మూసీ ఒడ్డు పేటలో బతుకుతున్నవాణ్ణి. నీళ్ళు ఒక్క రోజులో చెడవని నాకు తెలుసు. ఇక ఇందులో చేప దొరకదులే అని జనం ఊరుకున్న రోజు నుంచి ఆ నది మీద ఎవరికీ బాధ్యత లేకుండా పోయింది. సముద్రం పెద్దదన్న ధీమాతో అదే దారి పట్టడం నేను ఒప్పుకోలేను.

మలక్‌పేట షెడ్డులో మూలన ఒక డ్రమ్ము ఉంటుంది. వాడేసిన ఆయిల్ చుక్క కూడా పోనివ్వరు. కొనుక్కునేవాళ్ళు వచ్చి పట్టుకుపోతారు. హార్బర్‌లో అదే ఆయిల్ ఉప్పునీళ్ళలో కలిసిన క్షణం నుంచి ఎవరికీ అక్కర్లేనిదవుతుంది. కాబట్టి కలవకముందే పట్టాలి. నట్టు విప్పే పని లేకుండా, ఆయిల్ కొలిచే గొట్టంలోంచే పైకి లాగే చేతిపంపులు ఉన్నాయి. కలిసిపోయినదాన్ని నిలవుంచి, తేరిన నూనె తీసే తొట్టి జట్టీ మీద ఉండాలి. ఈ హార్బర్ ఆధునికీకరణకు 2022 నవంబర్ 12న ప్రధాని శంకుస్థాపన చేశారు. ఖర్చు సుమారు 150 కోట్లు. రోజుకు 150 టన్నుల చేపను దించే చోట 300 టన్నులు దించగలగాలన్నది లక్ష్యం. అంత చేప రావాలంటే, ఆ 150 కోట్లలో కొంత సొమ్ము ఈ తొట్టికీ పంపులకూ కేటాయించాలి. అవి వేట నిషేధం మొదలయ్యేనాటికే, ఏప్రిల్ 15కే, సిద్ధంగా ఉండాలి.

తొట్టి పెడితే అందులో పోస్తావా అని అడిగాను. బనియన్ వేస్టుతో వేళ్ళ సందులు తుడుచుకుంటూ, "ఎందుకు పొయ్యను సార్? మంచి ఆయిలైతే అమ్ముకుంటా కూడా. మోసుకెళ్ళే దూరంలో ఉండాలి, రాత్రిళ్ళు తాళం వెయ్యకూడదు" అని, పక్క బోటులోకి దూకాడు. అక్కడ ఇంకో ఇంజన్ విప్పాల్సి ఉంది.