పాళ్ళు కుదరాలి

పులుసులో ఉప్పు ఎంత వెయ్యాలో పుస్తకం చూసి తెలుసుకునే ఇల్లాలు అరుదు. చేతికే తెలుస్తుంది. పాత కారులో గాలీ పెట్రోలూ ఎంతెంత కలపాలన్నదీ అటువంటి విద్యే. హనుమకొండలో ఒక ఉస్తాదును చూశాక నాకీ సంగతి బోధపడింది.

మా నాన్నగారు వదిలివెళ్ళిన అంబాసిడరు ఒకటి మా యింట ఉన్నది. 2014లోనే ఆ కార్ల తయారీ ఆగిపోయింది. ఇప్పటి కార్లలో ఈ పాళ్ళ సంగతి కంప్యూటరు చూసుకుంటుంది. మా బండికి కార్బురేటరే దిక్కు. గాలి లోపలికి దూసుకుపోతూ పెట్రోలును తుంపరగా లాక్కుపోయే చోటు అది. తూకంలో ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలని శాస్త్రం. పెట్రోలు ఎక్కువైతే ప్లగ్గు మసిబారుతుంది. తక్కువైతే పాపం, తెల్లబోతుంది! లేత గోధుమరంగు తేలిందా, పాకం కుదిరినట్లే.

ఉస్తాదు ముందు ఇంజనును వేడెక్కనిస్తాడు. కార్బురేటరు అడుగునున్న నట్టును చుట్టులో ఆరోవంతు తిప్పుతాడు. లోపలి పిస్టనును వెంట్రుకవాసి పైకెత్తి చెవి యొగ్గుతాడు. ఇంజను వేగం పెరిగి అలాగే నిలిస్తే పెట్రోలు ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ, ఒక్క క్షణం పెరిగి మామూలుకు వస్తే సరి.

అలా ఏళ్ళ తరబడి కుదిరి ఉన్న పాళ్ళు ఈ మధ్య చెదిరాయి. బండి దగ్గసాగింది. కారణం పెట్రోలే. 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతం ఎథనాల్ చేరింది. చెరకు నుంచీ ధాన్యాల నుంచీ తీసే ఈ సారాలో ప్రాణవాయువు ముందే ఇమిడి ఉంటుంది గనుక దానికి బయటిగాలి తక్కువ చాలు. పాత పాళ్ళే ఉంచితే గాలి మితిమీరుతుంది.

“అమ్మిపారెయ్యరాదూ?” అన్నది మా ఆవిడ. ఆమె మాటా సబబే. ఉస్తాదు దగ్గర పని నేర్చిన కుర్రవాళ్ళందరూ కొత్త కార్ల షెడ్లకు వెళ్ళిపోయారు. రేపు ఈ నట్టు తిప్పేదెవరు?

ఉస్తాదు మాత్రం రబ్బరు గొట్టాలు మార్చి, “పాత లెక్క ఇడిచిపెట్టుండ్రి సారూ. బండి ఏమంటదో ఇనుండ్రి,” అంటూ నట్టును కొద్దిగా కిందికి దించాడు. నాకు తేడా తెలియలేదు. మరికొంచెం దించాడు. పక్కనే నిలబడ్డ మా అమ్మాయి, “ఇప్పుడు సరిపోయింది, తాతా!” అన్నది.

ఉస్తాదు పిస్టను ఎత్తి విన్నాడు. మారుమాట లేకుండా పానా తీసి దాని చేతిలో పెట్టాడు.